లైన్ అవుట్ లేని పియానోను ఇకపై స్టేజ్ పియానో అని అమ్మం

మా దగ్గర పియానో కొన్నవాళ్లకూ, ప్రోగ్రాముల కోసం అద్దెకు తీసుకెళ్లేవాళ్లకూ, కొనాలనుకుని వచ్చి చూసి వెళ్లినవాళ్లకూ ఇది రాస్తున్నాను.

మా షాపులో ఒక తప్పు చాలాకాలంగా జరుగుతోంది. తక్కువ బడ్జెట్‌లో స్టేజ్ మీద వాయించడానికి ఏదైనా చూపించమని అడిగినవాళ్లకు, 88 మెట్లూ (కీలూ), వాటికి అసలు పియానో మెట్ల బరువునిచ్చే హ్యామర్ యాక్షనూ ఉంటే చాలు, ఇది స్టేజ్‌కు బాగుంటుంది అని చెప్పి ఇచ్చేశాం. వాటిలో కొన్నింటికి లైన్ అవుట్, అంటే పియానో శబ్దాన్ని హాల్లోని మిక్సర్‌కు (శబ్దాలన్నీ కలిపే పెట్టెకు) పంపే జాక్, లేదు. హెడ్‌ఫోన్ జాక్ మాత్రమే ఉంది. ఆ సంగతి మేం ముందుగా చెప్పలేదు. మొదటిసారి కొనేవాళ్లకు అది అడగాలని ఎలా తెలుస్తుంది?

ఒక అమ్మాయి తన బ్యాండ్ కోసం మా దగ్గరే పియానో తీసుకుంది. ప్రోగ్రాం అయిన మర్నాడు వచ్చి, మేమిచ్చిన కేబుల్‌ను కౌంటర్ మీద పెట్టింది. "సార్, ఇంట్లో ఎంత బాగా మోగిందో! అక్కడ నేను వాయించింది నాకే వినపడలేదు" అంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

నేను ఆ కేబుల్ చేతిలోకి తీసుకుని చూశాను. పిన్ మీద నల్ల గీత ఒక్కటే ఉంది. అంటే ఒకే ఛానెల్ మోసే మోనో కేబుల్. హెడ్‌ఫోన్ జాక్ స్టీరియో, అంటే ఎడమ, కుడి రెండు ఛానెళ్లది. అందులో మోనో పిన్ గుచ్చితే ఎడమ ఛానెల్ మాత్రమే మిక్సర్‌కు వెళ్తుంది, కుడి ఛానెల్ షార్ట్ అయిపోతుంది. పియానో శబ్దాన్ని సాధారణంగా కింది స్వరాలు ఎడమ వైపు, పై స్వరాలు కుడి వైపు వినిపించేలా రికార్డు చేసి పెడతారు. కాబట్టి ఆమె కుడి చేత్తో వాయించిన మెలొడీ అంతా హాల్లో నీరసంగా వినిపించింది. దానికి తోడు హెడ్‌ఫోన్ జాక్‌లో ఏది గుచ్చినా పియానో సొంత స్పీకర్లు ఆగిపోతాయి. వాయించేవాళ్లకు తమ శబ్దం వినిపించే స్పీకర్, అంటే మానిటర్, పక్కన లేదు. పాటంతా వేళ్ల గుర్తు మీదే వాయించిందా అమ్మాయి. ఆ కేబుల్ ఇచ్చింది మేమే. ఆమె వాయించడంలో లోపం లేదు, సౌండ్ చూసినవాళ్ల పొరపాటూ కాదు.

అందుకే ఈ మార్పులు చేస్తున్నాం. లైన్ అవుట్ లేని ఏ మోడల్‌నూ ఇకపై స్టేజ్ పియానో అని చెప్పం. ప్రతి పియానో మీదా వెనక ఏ జాకులున్నాయో రాసి పెడుతున్నాం. స్టేజ్ కోసమని చెప్పి మా దగ్గర అలాంటి పియానో కొన్నవాళ్లు రండి. మోనో కేబుల్ తీసుకుని, ఒక వైపు స్టీరియో పిన్నూ రెండో వైపు రెండు మోనో పిన్నులూ ఉన్న సరైన కేబుల్ డబ్బు తీసుకోకుండా ఇస్తాం. దానికి రెండు ఛానెళ్ల డీఐ బాక్స్ (పియానో శబ్దాన్ని మిక్సర్‌కు సరిపోయేలా మార్చి పంపే చిన్న పెట్టె) తోడైతే హెడ్‌ఫోన్ జాక్‌తోనే పని చాలావరకు నడుస్తుంది. అది కూడా కుదరదనుకుంటే పియానో మార్చుకోవచ్చు. అప్పుడు రెండింటి ధరల మధ్య తేడా మాత్రమే తీసుకుంటాం.

మోడళ్ల విషయానికొస్తే, యమహా పీ-45, రోలాండ్ ఎఫ్‌పీ-10 రెండింటికీ విడిగా లైన్ అవుట్ ఉండదు. ఇంట్లో సాధనకు నేను ఇప్పటికీ వీటినే చూపిస్తాను, అందులో మొహమాటం లేదు. ఎఫ్‌పీ-10 మెట్ల స్పర్శ ఆ ధరలో దొరకడం నిజంగా గొప్ప. కానీ స్టేజ్ ఎక్కేవాళ్లు ఇంకొక్క మెట్టు పైకి చూడాలి. యమహా పీ-125, దాని తర్వాత వచ్చిన పీ-225, రోలాండ్ ఎఫ్‌పీ-30ఎక్స్, క్యాసియో పీఎక్స్-ఎస్1100, కవాయ్ ఈఎస్120, వీటన్నింటికీ ఎడమ కుడి అవుట్‌పుట్‌లు వేరుగా ఉంటాయి. కోర్గ్ డీ1కి అసలు స్పీకర్లే ఉండవు, పూర్తిగా స్టేజ్ కోసం చేసింది. అయితే బరువు 16 కిలోలు.

బరువును తేలిగ్గా తీసుకోకండి. షాపులో ఎవరూ పియానో ఎత్తి చూడరు, వాయించి చూస్తారు. పీఎక్స్-ఎస్1100 బరువు 11.2 కిలోలు, పీ-125 బరువు 11.8, ఎఫ్‌పీ-30ఎక్స్ బరువు 14.8. కాగితం మీద మూడు కిలోల తేడా చిన్నదే. బ్యాగు, స్టాండు, పెడల్, కేబుళ్లు కలిపి రాత్రి ప్రోగ్రాం అయ్యాక మెట్లు దిగేటప్పుడు అది చిన్నది కాదు. ఇకనుంచి షాపులో బ్యాగులో పెట్టి భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా నడిచి చూడమని అడుగుతాం. మొహమాటపడకండి.

స్పర్శ గురించి ఒక్కటే చెప్తాను. బరువైన యాక్షన్ మంచిదే అన్న మాట అందరికీ వర్తించదు. రెండు గంటలు వేగంగా రిథమ్ వాయించేవాళ్లకు మరీ బరువైన మెట్లు మణికట్టు నొప్పి తెస్తాయి. నల్ల మెట్ల మధ్యలోకి, లోపలి అంచు దాకా వేళ్లు పెట్టి నొక్కి చూడండి. సన్నటి పియానోల్లో మెట్ల పొడవు లోపల తక్కువ ఉంటుంది కాబట్టి అక్కడ గట్టిగా తగులుతుంది. మీ పాటల్లో అలా నొక్కాల్సిన కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) ఎక్కువైతే ఆ తేడా రోజూ తెలుస్తుంది.

పాలిఫోనీ, అంటే పియానో ఒకేసారి ఎన్ని శబ్దాలు మోగించగలదన్న అంకె, చూసి కొంతమంది టెన్షన్ పడతారు. పీ-45లో 64, పీ-125లో 192, ఎఫ్‌పీ-30ఎక్స్‌లో 256. స్టీరియో శబ్దం ఒక్కో స్వరానికి రెండు చొప్పున వాడుకుంటుంది కాబట్టి, పెడల్ తొక్కిపట్టి పెద్ద పెద్ద కార్డ్స్ వాయిస్తే 64 నిండిపోయి పాత స్వరాలు తెగిపోవచ్చు. ఒంటరిగా వాయించేవాళ్లకు అది వినపడుతుంది. డ్రమ్స్, బేస్ గిటార్ ఉన్న బ్యాండ్‌లో చాలాసార్లు ఎవరూ గుర్తుపట్టరు. 192 దాటాక ఆ అంకె కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దని నా సలహా.

దానికంటే ముఖ్యమైనది శబ్దం మోనోలో ఎలా ఉంటుందన్నది. చాలా హాళ్లలో సౌండ్ మోనోగానే నడుస్తుంది. హెడ్‌ఫోన్‌లో పెద్ద గ్రాండ్ పియానోలా విశాలంగా వినిపించిన శబ్దమే, ఎడమ కుడి కలిపేసరికి పల్చబడిపోవచ్చు. రికార్డు చేసేటప్పుడు రెండు మైకులకు వేర్వేరు క్షణాల్లో చేరిన తరంగాలు కలిసినప్పుడు కొన్ని ఒకదాన్నొకటి తినేస్తాయి. ఇన్నాళ్లూ మేం హెడ్‌ఫోన్ పెట్టి డెమో ఇచ్చాం, అది విని మురిసిపోయి కొన్నారు. ఇప్పుడు షాపు వెనక గదిలో చిన్న మిక్సర్, ఒక స్పీకర్, డ్రమ్స్ బేస్ ఉన్న ట్రాక్ సిద్ధం చేశాం. ఎడమ అవుట్‌పుట్ ఒక్కటే గుచ్చి (హెడ్‌ఫోన్ జాక్‌లా కాదు, లైన్ అవుట్‌లో అలా గుచ్చితే రెండు ఛానెళ్లూ కలిసి మోనోగా వస్తాయి), ట్రాక్ నడుస్తుండగా నిలబడి వాయించి చూడండి. గదిలో ఒంటరిగా మధురంగా ఉన్న టోన్ అక్కడ మునిగిపోతుంది. కాస్త పదునుగా, ఇంట్లో చెవికి గుచ్చుకున్నట్టున్న టోనే అక్కడ స్పష్టంగా తేలుతుంది. నేను కూడా ఈ గది కట్టాకే కొన్ని మోడళ్ల మీద అభిప్రాయం మార్చుకున్నాను.

అదే గదిలో ఇంకొకటి కూడా చూడండి. సింగర్ చివరి నిమిషంలో స్కేల్ అర స్వరం దించమంటే ఎన్ని బటన్లు నొక్కాలి? కొన్ని చవక మోడళ్లలో ఒక బటన్ పట్టుకుని, ఫలానా మెట్టు నొక్కితేనే ట్రాన్స్‌పోజ్ మారుతుంది. దానికి తెర ఉండదు, ఎంత మారిందో కనపడదు. చీకట్లో, జనం ఎదురుగా, అది చిన్న ఇబ్బంది కాదు. శబ్దాల సంఖ్య నేను పెద్దగా లెక్కపెట్టను. ఒక మంచి పియానో, ఒక ఎలక్ట్రిక్ పియానో, ఒక స్ట్రింగ్స్ ఉంటే ప్రోగ్రాం నడిచిపోతుంది.

పియానోతో పాటు వచ్చే చిన్న ప్లాస్టిక్ పెడల్ స్టేజ్ మీద జారిపోతుంది, పాదం దాన్ని వెతుక్కుంటూ ముందుకు పోతుంది. కింద రబ్బరు ఉన్న బరువైన పెడల్ తీసుకోండి, కానీ అది మీ పియానోకు సరిపోతుందో లేదో చూసుకోండి. పెడల్ స్విచ్ కంపెనీకో రకంగా ఉంటుంది, సరిపోనిది పెడితే ఉల్టాగా పనిచేస్తుంది. తొక్కితే ఆగుతుంది, వదిలితే మోగుతూనే ఉంటుంది. పెడల్ తొక్కి ఉంచి పియానో ఆన్ చేసినా కొన్నింటిలో ఇదే జరుగుతుంది. అలాంటప్పుడు కంగారు పడకుండా ఆఫ్ చేసి, పాదం తీసి, మళ్లీ ఆన్ చేయండి. అడాప్టర్ విషయంలో మాత్రం ప్రయోగాలు వద్దు. పిన్ దూరింది కదా అని వేరేవాళ్లది పెట్టకండి. వోల్టేజీ తేడా ఉండొచ్చు, ప్లస్ మైనస్ తారుమారు కావచ్చు.

అద్దె పియానోలకు ఈ నెల నుంచి సరైన కేబుల్, డీఐ బాక్స్, బరువైన పెడల్, స్పేర్ అడాప్టర్ కలిపే ఇస్తున్నాం. అద్దె పెంచడం లేదు. ఎక్స్ ఆకారం స్టాండ్లు తీసేశాం, 88 మెట్ల పియానో వాటి మీద ఊగుతోంది. బల్లలాంటి నాలుగు కాళ్ల స్టాండ్లు తెచ్చాం.

ఆ అమ్మాయి పియానో మార్చుకోలేదు. దాని స్పర్శ తనకు నచ్చిందట. కేబుల్, డీఐ బాక్స్ పట్టుకెళ్లింది, ఒక చిన్న మానిటర్ మా దగ్గర అద్దెకు తీసుకుంది. మార్పిడి కోసం వచ్చేవాళ్లు పియానోతో పాటు మీ పెడల్, అడాప్టర్, ఇప్పటిదాకా వాడిన కేబుళ్లు అన్నీ తీసుకురండి. ఆ వెనక గదిలో అన్నీ గుచ్చి, మీరే వాయించి విన్న తర్వాతే ఏం మార్చాలో తేలుద్దాం.