సంపాదకుణ్ని నియమించేదెవరు?

సంపాదకుల వారికి,

పాత్రికేయుడే సమాచార మంత్రి అయితే పత్రికలకు మంచి రోజులొస్తాయని మీ పాఠకులొకరు రాశారు. జింబాబ్వేలో నేథన్ షముయరీరా సంగతి చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు.

ఆయన వలసపాలన రోజుల్లో నల్లజాతివారు చదివే ఆఫ్రికన్ డైలీ న్యూస్‌కు సంపాదకుడు. ఆయన వదిలేశాక, 1964లో, తెల్లజాతి ప్రధాని ఇయాన్ స్మిత్ ప్రభుత్వం ఆ పత్రికను మూయించింది. సర్కారు కన్నెర్ర చేస్తే పత్రిక ఏమవుతుందో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. అలాంటి మనిషి 1980లో స్వతంత్ర జింబాబ్వేకు తొలి సమాచార మంత్రి అయ్యాడు.

అప్పటికి పెద్ద పత్రికలు దక్షిణాఫ్రికా ఆర్గస్ కంపెనీ గుప్పిట్లో ఉండేవి. నైజీరియా ఇచ్చిన సొమ్ముతో ఆర్గస్ వాటాలు కొని, 1981లో మాస్ మీడియా ట్రస్టుకు అప్పగించారు. హరారేలో హెరాల్డ్, సండే మెయిల్, బులవాయోలో క్రానికల్ అలా చేతులు మారాయి. మంత్రికీ పత్రికకూ మధ్య ట్రస్టు అడ్డుగా ఉంటుందన్నారు. ఆలోచన మంచిదే. తిరకాసంతా నియామకాల్లో ఉంది. తొలి ట్రస్టీలను ఎంచింది ప్రభుత్వం. పెద్ద వాటా ట్రస్టుది కాబట్టి పత్రికల కంపెనీ బోర్డు దాని మాట వినేది. ఆ బోర్డే సంపాదకుణ్ని నియమించేది, తీసేది. మంత్రి స్వయంగా ఫోన్ చేయాల్సిన పని కూడా ఉండేది కాదు.

షముయరీరా మంత్రిగా ఉండగానే, 1985లో, సండే మెయిల్ సంపాదకుడు విల్లీ ముసరుర్వా పదవి పోయింది. 1988లో మంత్రులు విల్లోవేల్ కార్ల కర్మాగారం నుంచి కార్లను నియంత్రిత ధరకు తీసుకుని, బయట ఎన్నో రెట్లకు అమ్ముకున్న వ్యవహారాన్ని క్రానికల్ బయటపెట్టింది. విచారణ కమిషన్ వేశారు, మంత్రులు రాజీనామా చేశారు. సంపాదకుడు జెఫ్ న్యరోటాను జైలుకేమీ పంపలేదు. హరారేలో కొత్తగా ఒక పౌరసంబంధాల ఉద్యోగం పుట్టించి అందులో కూర్చోబెట్టారు. పేరుకు పదోన్నతే! అప్పటికి సమాచార మంత్రి వేరొకరు, నియామకాల దారి మాత్రం పాతదే.

ఏ దేశంలోనైనా పాత్రికేయుడు మంత్రి అయ్యాడని వార్త వేసేటప్పుడు, అక్కడ సర్కారు పత్రికల బోర్డును ఎవరు వేస్తారో, సంపాదకుణ్ని తీసేయాలంటే ఎవరి సంతకం కావాలో కూడా రెండు వాక్యాలు రాయించండి.

— ఒక పాఠకుడు, గుంటూరు