పిల్లి మెట్లకు టేపు ఆగదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఇంటి పేజీలో, ఇంట్లోనే ఉండే పిల్లులు ఎక్కడానికి గోడకు చెక్కలు బిగించుకోవడం గురించి రాశారు. ఫోటోలు బాగున్నాయి. తెల్ల గోడ, తెల్ల చెక్క, దాని మీద తెల్ల పిల్లి. కానీ మేకు కొట్టే పని లేకుండా రెండు వైపులా అంటుకునే టేపుతో సరిపెట్టుకోవచ్చన్న ముక్క దగ్గర ఆగిపోయాను. నేను మహబూబ్‌నగర్ మెట్టుగడ్డ దగ్గర ముప్పై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్నాను. పిల్లి మెట్లు ఈ రెండేళ్లలో నాలుగిళ్లకు చేశాను. మొదటింట్లో కూలిపోయాయి. అందుకే ఈ ఉత్తరం.

ఆ ఇల్లు ఒక టీచరమ్మది. మూడో అంతస్తులో సొంత ఫ్లాటు. ముందు పెంచుకున్న పిల్లిని గల్లీ కుక్కలు చంపేశాయట, ఈ కొత్త పిల్లిని గడప దాటనియ్యదు. "అన్నా, మా పిల్లికి గోడ మీద మెట్లు చెయ్యాలె, చేస్తవా?" అని ఫోను. ఇంట్లో చెబితే మా ఆవిడ, "మనుషులకు చేసుడు అయిపోయిందా, ఇగ పిల్లులకు మొదలువెట్టినవా?" అంది.

నవ్వుకుంటూనే పోయాను గానీ, చూశాక నవ్వు ఆగింది. నేను పెరిగింది గూన పెంకుల ఇల్లు. అక్కడ పిల్లికి దేనికీ కొదవ లేదు. గుమ్మి మీది నుంచి గూట్లోకి, గూట్లోంచి అటక మీదికి, అటక మీది నుంచి దూలానికి. మా అమ్మ ఉట్టి కట్టిన మూల తప్ప అన్నిటికీ దారి ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం షాబాదు బండ సజ్జ మీద పొట్ట ఆనించి పడుకునేది. ఈ ఫ్లాటులో నున్నగా పుట్టీ పెట్టిన గోడలు, ఒక టీవీ, ఒక ఫ్రిజ్. పిల్లి ఆ ఫ్రిజ్ ఎక్కి, అక్కడి నుంచి పోయే దారి లేక అరుస్తోంది. వేటాడే జంతువే గానీ పెద్ద జంతువులకు చిక్కేది కూడా. ఎత్తున కూర్చుని కిందంతా కనిపిస్తే తప్ప దానికి నిమ్మళం ఉండదు.

ఐదు చెక్కలు చేశాను. 18 ఎంఎం ప్లైవుడ్, రెండడుగుల పొడుగు, పదంగుళాల వెడల్పు, మెట్టుకూ మెట్టుకూ అడుగు ఎత్తు. 8 ఎంఎం డ్రిల్లు బిట్టు, అదే సైజు గిట్టీలు (స్క్రూ పట్టు కోసం బొక్కలో దూర్చే ప్లాస్టిక్ ముక్కలు), రెండంగుళాల స్క్రూలు, ఎల్ పట్టీలు. చేత్తో గట్టిగా నొక్కి చూశాను, కదల్లేదు. అందం కోసం పైన సన్‌మైకా కూడా అంటించాను. మూడో రోజు రాత్రి రెండు గంటలకు పై చెక్క ఊడి పడింది, అరచేతంత గిలాబుతో, అంటే గోడ మీది సిమెంటు పూతతో సహా. పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా అంటారు. నా చెక్క తెగడానికి శాపం కూడా అక్కర్లేకపోయింది. దెబ్బ తగల్లేదు గానీ మంచం కింద దూరిన పిల్లి మర్నాడు సాయంత్రం దాకా బయటికి రాలేదు. టీచరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

డ్రిల్లు పెట్టినప్పుడు రాలే పొడే గోడ గుట్టు చెప్పేస్తుంది. మొదటి అరంగుళం గిలాబు, బూడిద రంగులో రాలుతుంది. ఆ తర్వాత ఎర్రగా రాలితే ఎర్ర ఇటుక, గిట్టీ బాగా పట్టుకుంటుంది. బూడిద రంగే వస్తూ బిట్టు మొరాయిస్తే బూడిద ఇటుకో, పిల్లరో. కష్టపడితే అదీ పట్టుకుంటుంది. తెల్లగా పిండిలాగా రాలి, నొక్కకుండానే బిట్టు లోపలికి పోయిందంటే మాత్రం తేలిక బ్లాకు, అంటే లోపలంతా గాలి బుడగలుండే సిమెంటు ఇటుక. కొత్త అపార్ట్‌మెంట్లలో ఈ బ్లాకులు బాగా వాడుతున్నారు. వాటిలో మామూలు గిట్టీ మొదట గట్టిగానే ఉన్నట్టుంటుంది, కుదుపుకు కుదుపుకు లోపల బొక్క పెద్దదవుతుంది. పిల్లి నాలుగు కిలోలే కావచ్చు, దూకినప్పుడు పడే దెబ్బ దానికి కొన్ని రెట్లు. ఆ లాగుడు ఎల్ పట్టీ పై స్క్రూ మీద పడుతుంది. ఆ రోజు నా చేతి మీద తెల్ల పొడే పడింది. చూశాను, దులుపుకున్నాను, పని కానిచ్చాను.

రెండోసారి కూలి తీసుకోలేదు. ఆ గోడకు అవతల వంటిల్లు. గోడ మందం గిలాబుతో కలిపి ఐదంగుళాలే కాబట్టి ఇటు నుంచి అటు పొడుగు బోల్టులు దూర్చి, అవతల వేప పట్టీ పెట్టి, వాషర్లు వేసి నట్లు బిగించాను. టీచరమ్మ ఆ పట్టీకి కొక్కేలు కొట్టించుకుని గరిటెలు తగిలించింది. పిల్లి దూకినప్పుడల్లా వంటింట్లో గరిటెలు గలగలమంటాయి.

సన్‌మైకా కూడా పీకేశాను. నున్నటి దాని మీద గోరు దిగక పిల్లి జారుతుంది. బదులుగా పాత గొంగడి ముక్కలు పరిచి, అంచులు కిందికి మడిచి చిన్న మేకులు కొట్టాను. మన గొర్రెల బొచ్చు గరుకు, గోళ్లకు భలే పట్టు. ఇంకో ఇంట్లో చెక్కలకు చెదల మందు పూయమన్నారు. మా ఊరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి చెదలు పట్టి 2017లో కొమ్మ విరిగాక, మరుసటేడు సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించారు కదా, ఆ లెక్కన అడిగాడాయన. నేను పూయనన్నాను. పిల్లి రోజంతా కాళ్లు నాకుతుంది, ఆ మందు దానికి విషం. వేప చెక్క వేసి ఊరుకున్నాను.

మీ ఫోటోల్లో ఎక్కడా సీలింగు ఫ్యాను కనిపించలేదు. మన ఊళ్లో ఫ్యాను లేని గది చూపించండి! రెక్కలు కప్పుకు అడుగు కిందే తిరుగుతుంటాయి, పిల్లికి పై మెట్టు ఎంత ఎత్తున ఉంటే అంత ఇష్టం. ట్యూబులైటు పక్కన బల్లి కనిపిస్తే ముందూ వెనకా చూడకుండా ఎగురుతుంది. అందుకే పై చెక్కను రెక్క కొసకు కనీసం మూడడుగుల దూరంలో, ఫ్యానుకు ఎదురుగా కాకుండా మూలకు కొడతాను. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా రంధ్రం పెట్టను. వైరు పైపులు గోడలో ఆ వరసనే పోతాయి.

అద్దెకుండేవాళ్ల సంగతి వేరు. బొక్కలు చూస్తే ఓనరు అడ్వాన్సులో కోసుకుంటాడు. వాళ్లు బీరువా పక్కన ఒక స్టూలు, దాని పక్కన ఇంకా పొట్టిది వేసి పిల్లికి దారి చేస్తే చాలు. బీరువా పైన దుమ్ము తుడిచి గోనె పరచండి.

స్క్రూలు బిగించిన చెక్కే ఊడింది, ఇక టేపు ఆగుతుందా? ఆ టేపు మాట మాత్రం వచ్చే ఆదివారం సరిదిద్దండి. నిన్న ఒకాయన మీ పేపరు ముక్క కత్తిరించుకుని, చేతిలో టేపు చుట్ట పట్టుకుని, చెక్కలు మాత్రం కోసిమ్మని మా దుకాణానికి వచ్చాడు. కొయ్యలేదు. మళ్లీ వస్తానన్నాడు.

ఇట్లు,
ఒక వడ్రంగి,
మెట్టుగడ్డ, మహబూబ్‌నగర్