వరదలో మునిగిన ఊరి కరెంటు సామాన్ల రిపేర్లు: జమా ఖర్చుల వివరణ

గ్రామ పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, విశాఖ, హైదరాబాద్, చెన్నైల్లో ఉంటున్న మన ఊరి వాళ్ళందరికీ కమిటీ తరఫున నమస్కారాలు.

వంశధార నిండుగా పారుతుంటే గెడ్డ (ఊరి పక్క వాగు) నీళ్ళు పోయే దారి లేక ఊరి మీదకు ఎదురుతన్నాయి. మోటారు గదిలో నడుము లోతు, రామమందిరంలో మోకాలు లోతు నిలిచాయి. 2018లో తిత్లీ వచ్చినప్పుడు గాలికి స్తంభాలు పడ్డాయి గానీ గదుల్లో సామాన్లు దక్కాయి. ఈసారి స్తంభాలు నిలిచాయి, సామాన్లు మునిగాయి. వాటిని బాగు చేయించడానికి మీరిచ్చిన డబ్బు లెక్క ఇది. గ్రూపులో రకరకాల మాటలు నడుస్తున్నాయి కాబట్టి అమ్మవారి సంబరం దాకా ఆగకుండా ఇప్పుడే పెడుతున్నాం.

జమ:
ఇంటికి 500 చొప్పున 118 ఇళ్ళు – 59,000
బయట ఊళ్ళలో ఉన్న మనవాళ్ళు పంపినవి – 46,500
అమ్మవారి సంబరం మిగులు – 12,300
డ్వాక్రా సంఘాలు – 4,000
తుక్కు అమ్మగా వచ్చినవి – 6,200
మొత్తం 1,28,000 రూపాయలు.

పేరు పేరునా రుణపడి ఉంటాం. పెన్షన్ అందిన రోజే ఐదొందల నోటు తెచ్చి రసీదు కూడా వద్దన్న మామ్మలున్నారు. పొట్ట చేతపట్టుకుని చెన్నై వెళ్ళి తాపీ పని చేసుకుంటున్న కుర్రాళ్ళు తలా వెయ్యి పంపారు.

తుక్కు గురించి ఒక మాట. మోటారులో రాగి తీసి అమ్మేశామని ఎవరో అన్నారట. మోటారు రాగి మోటారులోనే ఉంది. అమ్మింది రామమందిరం ఇన్వర్టర్ పాత బ్యాటరీ, పనికిరాని వైరు మాత్రమే. తూకం చీటీ ఫైల్లో ఉంది.

ఖర్చు:
బురద తీసి కడిగిన కూలీలకు 7,200. మంచినీళ్ళ ట్యాంకర్లకు 13,500. వీధిలైట్ల బాక్సు, టైమరు, అందులో స్విచ్చులకు 6,450. పనివాళ్ళ టీ, భోజనాలు, చిల్లర ఖర్చు 2,150.

రామమందిరంలో ఆంప్లిఫయర్ బాగు చేయించడానికి 2,600, కొత్త హారన్లకు 4,800, ఇన్వర్టర్ రిపేరుకు 1,900, కొత్త బ్యాటరీకి 14,500. ఆంప్లిఫయర్ బోర్డును మంచినీళ్ళతో, తరవాత స్పిరిట్‌తో కడిగి, ఉబ్బిన కెపాసిటర్లు మార్చితే పలికింది. బాక్సు స్పీకర్ల కాగితం నాని చిరిగిపోయింది, వాటిని వదిలేశాం. చనిపోయినవాళ్ళను ఉంచే ఫ్రీజర్ బాక్సుకు 5,300 అయింది. కంప్రెసర్ చెడలేదు, రిలే, బోర్డు మార్పించాం. అది ఏ రోజు ఏ ఇంటికి అవసరమవుతుందో తెలియదు కాబట్టి ఎవరినీ అడక్కుండానే ముందు దాన్ని చేయించాం.

ఇక అందరూ అడుగుతున్న మోటారు గది. దీనికి మొత్తం 52,600 అయింది.

"బోరు మోటారు రెండో రోజే ఆడింది, నూతి మోటారుకు అన్నాళ్ళు ఎందుకు పట్టింది?" అన్నది మొదటి ప్రశ్న. బోరులోది సబ్‌మెర్సిబుల్. ఎప్పుడూ నీళ్ళలో ఉండడానికే తయారైంది, దాని తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. వరదకు దానికేమీ కాదు, దాన్ని ఆన్ చేసే స్టార్టరు పైన గదిలో ఉంది, అదే పోయింది. అందుకే అప్పటికి స్టార్టరు అరువు తెచ్చి ఆడించాం. కానీ బోరు నీళ్ళు ఉప్పన, వాడకానికే తప్ప తాగడానికి పనికిరావు. తాగే నీళ్ళు ఇచ్చేది నూతి మీది ఏడున్నర హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటారు, పంపు ఒకటిగా ఉండేది). అది గాలికి ఆరుతూ తిరిగే మోటారు, నీళ్ళు తగలకూడదు.

లైన్‌మన్ ఫ్యూజులు తీశాకే దాన్ని విప్పాం. మూత తీసేసరికి వైండింగ్ (లోపలి రాగి తీగ) చుట్ల మధ్య మెత్తటి ఒండ్రు గట్టిగా పట్టి ఉంది. బేరింగు తిప్పితే గరగరమంది. "ఎండలో పెట్టి స్విచ్ వేయండి" అని చాలామంది అన్నారు. పైన పొడిగా కనబడినా తీగ కూర్చున్న గాడుల లోపల తడి ఉంటుంది. ఆ తడితో కరెంటు ఇస్తే తీగ బాడీకి షార్టై కాలిపోతుంది. గెడ్డ పక్క పొలంలో ఒక రైతు మోటారు ఈ వరదలోనే అలా కాలింది, ఆయన తీగంతా కొత్తగా చుట్టించి రీవైండింగ్ చేయించుకోవలసి వచ్చింది. మనకు ఆ దెబ్బ తగలకూడదనే ఆగాం.

వరద తగ్గాక నరసన్నపేటలో, శ్రీకాకుళంలో ఏ రీవైండింగ్ షాపు ముందు చూసినా రైతుల మోటార్లే. ఓవెన్‌లో చోటు దొరకడానికే రోజులు పట్టింది. మోటారును మంచినీళ్ళతో కడిగి 80, 90 డిగ్రీల మధ్య నిదానంగా ఆరబెట్టారు. వేడి ఒక్కసారిగా పెంచితే లోపలి నీరు ఆవిరై తీగ మీది ఇన్సులేషన్ (కరెంటు బయటికి రాకుండా ఆపే పొర) పొంగిపోతుంది. కడిగాక మెగ్గరు (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) పెడితే 0.2 మెగ్ ఓమ్‌లు చూపించింది. ఒకసారి ఓవెన్‌లో పెట్టాక 0.7. కనీసం 1 అయినా రానిదే అలాంటి మోటారుకు కరెంటు ఇవ్వకూడదు, ఇంకా ఎక్కువ ఉంటేనే నిశ్చింత. షాపాయన "తీసుకుపోతే పొండి, ఆడుతుంది" అన్నా మేము ఒప్పుకోలేదు. మళ్ళీ ఆరబెట్టి, వార్నిష్ పోయించి, మళ్ళీ ఓవెన్‌లో పెట్టించాక 50 దాటింది. అప్పుడు తెచ్చాం. కుళాయి రాక ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడ్డారు. ఆ కష్టం మాకూ తెలుసు, మా ఇళ్ళల్లోనూ అదే పరిస్థితి. అయినా ఆ ఆలస్యం అవసరమైనదే.

విప్పడం, కడగడం, ఓవెన్, వార్నిష్, రెండు బేరింగులు, సీలు కలిపి 9,800. రానుపోను ట్రాలీ ఆటో 2,400. మెగ్గరు అద్దె, మనిషి కూలి 1,500. అంటే మోటారు మీద ఖర్చు 13,700. కొత్త మోనోబ్లాక్‌కు శ్రీకాకుళంలో చెప్పిన ధర 31,000. "ఆ డబ్బుకు కొత్తదే వచ్చేది" అన్నవాళ్ళు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

మోటారుకు రిపేరు చేయించి స్టార్టర్లు, ఎంసీబీలు (షార్ట్ అయితే కరెంటు ఆపే స్విచ్చులు) మాత్రం కొత్తవి ఎందుకు కొన్నామని మరో ప్రశ్న. రెండు స్టార్టర్ ప్యానళ్ళకు 15,600 అయింది. పాత ఎంసీబీలు తుడిస్తే కొత్తవాటిలానే మెరిశాయి. ఎలక్ట్రీషియన్ ఒకదాన్ని రామమందిరం అరుగు మీద అందరి ముందూ పగలగొట్టి చూపించాడు. లోపల స్ప్రింగుకు తుప్పు, సందుల్లో మట్టి. అలాంటిది మామూలుగా పనిచేస్తూనే ఉంటుంది, షార్ట్ అయిన రోజున మాత్రం పడిపోయి కరెంటు ఆపకపోవచ్చు. మోటారును కడిగి, ఆరబెట్టి, పరీక్షించి నమ్మవచ్చు. ప్రాణం కాపాడవలసిన స్విచ్చును అలా నమ్మలేం. బురద నీళ్ళలో మునిగినదాన్ని పారేయడమే పద్ధతి. పిల్లలు ఆడే చోట ఉన్న గది కాబట్టి ఇందులో పైసా మిగల్చాలని మేము చూడలేదు.

గది వైరింగ్, కొత్త ఎర్తింగ్ 8,900. బిగింపు కూలి 3,000. ప్యానళ్ళు పెట్టడానికి ఐదడుగుల ఎత్తు దిమ్మె 11,400. ఈ దిమ్మె అంచనాలో లేదు, నిజమే. కొత్త స్టార్టర్లను మళ్ళీ పాత ఎత్తులోనే బిగిస్తే వచ్చే వరదకు ఇదే చందా మళ్ళీ అడగాలి. వార్డు మెంబర్లను అడిగాకే కట్టించాం.

మొత్తం ఖర్చు 1,11,000. చేతిలో నిలవ 17,000.

ఇంకా ఒక పని ఉంది. స్తంభం నుంచి నూతి వరకు వేసిన కేబుల్ చివర నీళ్ళలో మునిగింది. అలా మునిగితే తొడుగు లోపల తడి పాకుతూ పోతుంది. తడిసిన చివర కోసి, మెగ్గరు పెట్టి, ప్రస్తుతానికి నడుపుతున్నాం. వచ్చే వానలకు ముందు మార్చాల్సిందే. రెండు షాపుల్లో అడిగితే ఒకరు 36,000, ఇంకొకరు 39,500 అన్నారు.

గ్రూపులో ఇస్తామని రాసి ఇంకా పంపని వాళ్ళు పదకొండు మంది. ఆ మొత్తం 23,000. పేర్లు ఇక్కడ వేయడం లేదు. లెక్క అడగడం మీ హక్కు, అందుకే ఇంత వివరంగా రాశాం. ఇచ్చిన మాట కూడా నిలబెట్టుకోమని కోరుతున్నాం. కూలి చేసుకునే ఇళ్ళవాళ్ళు ఇచ్చేశాక ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకు పదే పదే ఫోన్ చేయాల్సి రావడం మాకు బాధగా ఉంది. ఆ 23,000 వస్తే నిలవతో కలిపి 40,000 అవుతుంది, కేబుల్ పనికి మళ్ళీ ఇల్లిల్లూ తిరగనక్కర్లేదు.

బిల్లులు, రసీదు పుస్తకాలు రామమందిరం బీరువాలో ఉన్నాయి. సాయంత్రం దీపం పెట్టే వేళకు కమిటీలో ఎవరో ఒకరం అక్కడే ఉంటాం. ఏ బిల్లు మీద అనుమానం ఉన్నా వచ్చి చూడండి, ఫోటో తీసుకోండి. కేబుల్ కొనే ముందు రెండు కొటేషన్లూ గ్రూపులో పెడతాం.