వార్షిక నివేదిక: మన చెరువుల పేజీలు, మనం రాసుకున్న వికీ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం సమయమంతా దాదాపు ఒక్క పనికే పోయింది. హనుమకొండ, వరంగల్ చుట్టుపక్కల చెరువుల గురించి పోగు చేస్తున్న పేజీల కోసం సొంతంగా ఒక చిన్న వికీ సాఫ్ట్‌వేర్ రాసుకున్నాం. వికీ అంటే సభ్యులెవరైనా పేజీలు రాసి, దిద్దగలిగే వెబ్‌సైట్.

పాత వెబ్‌సైట్ ఎలా పోయిందో కొత్త సభ్యులకు తెలియదు. అప్పట్లో పేజీలన్నీ డేటాబేస్‌లో ఉండేవి. సర్వర్ అద్దెకిచ్చిన సంస్థ మూతపడింది. బ్యాకప్ ఉందిలే అని మనం ధైర్యంగానే ఉన్నాం. తెరిచి చూస్తే తెలుగు ఉన్న చోటల్లా ప్రశ్నార్థకాలు, పేజీల కొద్దీ. అంకెలు మాత్రం అలాగే ఉన్నాయి. పాకాల వైపు చెరువు నీళ్లు వదిలే పని చూసే ఒక నీరటి తాత తూము ఎప్పుడు ఎత్తాలో, చెరువు నిండి మత్తడి దుంకినప్పుడు కట్ట మీద ఎక్కడ కన్నేసి ఉండాలో చెప్పిన మాటలు అందులోనే ఉండేవి. మళ్లీ అడిగి రాసుకుందామని వెళ్లేసరికి ఆయన లేరు. ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా, లేకపోయినా మన రాత తెరుచుకోవాలని అప్పుడే అనుకున్నాం.

అందుకే ఇప్పుడు ఒక్కో పేజీ ఒక్కో టెక్స్ట్ ఫైల్. ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి తీసుకెళ్లి నోట్‌ప్యాడ్‌లో చదువుకోవచ్చు. ఇది మనం కనిపెట్టిన పద్ధతి కాదు. వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో మొదటి వికీ నడిపారు. 2001లో వికీపీడియా మొదలైంది కూడా పేజీలను ఫైళ్లలో దాచే యూజ్‌మాడ్‌వికీ అనే సాఫ్ట్‌వేర్ మీదే. 2004లో వచ్చిన డోకువికీ అనే వికీ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ ఫైళ్లతోనే నడుస్తోంది. అది ఉండగా మళ్లీ రాయడం ఎందుకని పోయిన సభలో కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దాన్నుంచి చాలా నేర్చుకున్నాం కూడా. కానీ మన పిల్లలు ఒక్క ఆదివారంలో మొదటి నుంచి చివరి దాకా చదివి అర్థం చేసుకునేంత చిన్న ప్రోగ్రామ్ కావాలనుకున్నాం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది అలాగే ఉంది.

మొదటి దెబ్బ కరెంటు కొట్టింది. ఒకరు సేవ్ నొక్కిన క్షణంలోనే కరెంటు పోయి, పేజీ సగమే మిగిలింది. పాత ఫైల్ మీదే నేరుగా రాయడం మా తప్పు. ఇప్పుడు ముందు పక్కన తాత్కాలిక ఫైల్‌లో పూర్తిగా రాసి, తర్వాతే పేరు మారుస్తున్నాం. పేజీ ఉంటే పాతది ఉంటుంది, లేదా కొత్తది ఉంటుంది, సగం ఉండదు. ప్రతి మార్పుకు ముందు పాత ప్రతి తేదీ, సమయంతో వేరే ఫోల్డర్‌లో చేరుతుంది.

తెలుగు పేర్లతో పడ్డ తిప్పలు వేరు. ‘రామప్ప చెరువు తూము, మత్తడి పేర్లు’ అనే పేజీ ఎంతకీ సేవ్ కాలేదు. మన వికీ నడిచే లైనక్స్‌లో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. మనం ఒక్క అక్షరం అనుకునే ‘ప్ప’లోనే మూడు గుర్తులున్నాయి. పైగా అప్పట్లో మేము పేరును వెబ్ చిరునామాల్లో కనిపించే శాతం (%) గుర్తుల కోడ్‌లోకి మార్చి దాచేవాళ్లం, అలా చేస్తే ఒక్కో గుర్తు 9 బైట్లు అవుతుంది. 28 గుర్తులకే హద్దు వచ్చేస్తుంది. ఆ మార్పిడి తీసేసి పేర్లను తెలుగులోనే ఉంచాం. ఫోల్డర్ తెరవగానే మన ఊళ్ల పేర్లు తెలుగులో వరసగా కనిపిస్తే ఎంత బాగుందో చెప్పలేను.

ఇంకో వారం ‘మైలారం’ పేజీలు రెండు కనిపించాయి. ఎంత తేరిపార చూసినా పేర్లలో తేడా లేదు. ఒక సభ్యుడు ఫోల్డర్‌ను పాత మ్యాక్ కంప్యూటర్‌లోకి కాపీ చేసి తిరిగి తెచ్చారు. అక్కడ ఐత్వం రెండు ముక్కలైంది. ‘ై’ని ఒకే గుర్తుగానూ దాయవచ్చు, ఎత్వం గుర్తు, దాని కింద ఇంకో గుర్తు కలిపి రెండుగానూ దాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు కాదు. ఇప్పుడు పేరు ఏ రూపంలో వచ్చినా ఒకే రూపంలోకి మార్చాకే ఫైల్ తెరుస్తున్నాం. ఇది పట్టుకున్నది డిగ్రీ చదువుతున్న మన చెల్లెలు ఒకరు, ఆమెకు సంఘం తరఫున అభినందనలు.

ఒకే పేజీని ఇద్దరు దిద్దితే వెనక సేవ్ చేసినవారి రాతే మిగిలేది. ఒక పెద్దాయన గంటసేపు టైప్ చేసిన శికం (చెరువు లోపలి) భూముల వివరాలు అలాగే పోయాయి. ఆయన ఏమీ అనలేదు, మాకే బాధేసింది. ఇప్పుడు మధ్యలో ఎవరైనా మార్చి ఉంటే రెండు రాతలూ పక్కపక్కన చూపించి అడుగుతుంది. వెతుకులాట మాత్రం ఫైళ్లన్నీ ఒక్కొక్కటిగా చదివే పద్ధతిలోనే ఉంది. మనకున్న పేజీలకు అది చాలు.

సెప్టెంబర్ 9న, కాళోజీ జయంతి నాడు, పిల్లలకు తెలుగు టైపింగ్ నేర్పించాం. జమాఖర్చులు సభలో చదివి వినిపిస్తాం.

వచ్చే ఏడాది మొదటి పని ఫోటోలను పేజీలకు జతచేయడం. పేజీల ప్రతులు ప్రస్తుతం ముగ్గురు సభ్యుల ఇళ్లలో ఉన్నాయి, ఇంకో ఇద్దరు ముందుకు వస్తే ఈ నెలలోనే ఇస్తాం. నీరటి తాత మాటలు ఎవరి ఫోన్‌లోనైనా రికార్డయి ఉంటే దయచేసి సభకు తీసుకురండి. విని రాయడానికి మేమున్నాం.

— కార్యదర్శి