పిలకాయల్ని మాట్లాడనిద్దాం

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, అవ్వాతాతలకు నమస్కారం.

పోయిన శనివారం మధ్యాహ్నం మీలో కొందరు పొలం నుంచి వస్తూ బడి గేటు దగ్గర ఆగి చూశారు. వేపచెట్టు కింద ఒకటే కేకలు, చప్పట్లు. "ఏంది మేడమ్, ఇయ్యాల చదువు లేదా?" అని ఒకాయన అడిగారు కూడా. అప్పుడు నిలబడి వివరంగా చెప్పడానికి కుదరలేదు. అందుకే ఈ నెల ఉత్తరంలో పరీక్షలు, ఫీజు రసీదుల సంగతులు పక్కన పెట్టి, ఆ చెట్టు కింద జరిగిందే రాస్తున్నాను.

జరిగింది చదువే. నో బ్యాగ్ డే కాబట్టి పుస్తకాలు లేవు, అంతే. ఆ రోజు ఎనిమిదో తరగతి పిల్లలు తేల్చుకోవాల్సిన విషయం ఇది: చేపల పులుసు వండిన రోజు తింటే రుచా, మర్నాడు తింటే రుచా? మన నెల్లూరు జిల్లాలో ఈ విషయం మీద అభిప్రాయం లేని పిల్ల ఉండదు. ఆరో తరగతి పిల్లవాడికైనా చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. మాట్లాడటం నేర్పాలంటే ముందు చెప్పడానికి ఏదైనా ఉన్న విషయం ఇవ్వాలి. అందుకే 'విద్యార్థులు - క్రమశిక్షణ' లాంటివి ఈ ఏడాది మేం పెట్టలేదు.

జట్టుకు ముగ్గురు. ముగ్గురే ఎందుకని మా టీచర్లు కూడా అడిగారు. మీరు బుర్రకథ చూసే ఉంటారు. నడుమ కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పేవాడు, ఇంకో పక్క లోకం తీరు గురించి మాట్లాడేవాడు. ఒకరి మాట ఒకరు అందుకుంటేనే కథ నడుస్తుంది. నలుగురైదుగురిని పెడితే ఒకరిద్దరు వెనక దాక్కుంటారు. ఇద్దరినే పెడితే గట్టిగా మాట్లాడేవాడు రెండోవాడిని మింగేస్తాడు. ఈ రెండూ చేసి చూశాకే ముగ్గురి దగ్గర ఆగాం.

మార్కులు వేసే పద్ధతి కొంచెం ఓపిగ్గా చదవండి, అసలు సంగతంతా అందులోనే ఉంది. మొత్తం 10 మార్కులు. సొంత మాటల్లో కారణం చెప్పి, ఒక ఉదాహరణ చూపిస్తే 3. ఎదుటి జట్టు అన్నదాన్ని వాళ్లే "అవును, మేం చెప్పింది అదే" అని ఒప్పుకునేలా తిరిగి చెప్పగలిగితే ఇంకో 3. ఆలోచింపజేసే ప్రశ్న అడిగితే 2. జట్టులో ముగ్గురూ మాట్లాడితే 2. ఎవరినైనా ఎగతాళి చేసినా, మాట మధ్యలో లాక్కున్నా 1 తగ్గుతుంది. గొంతుకు, చేతులూపడానికి, గుక్క తిప్పుకోకుండా దంచేయడానికి ఒక్క మార్కు కూడా లేదు. మార్కులు వేసేది వేరే తరగతి పిల్లలు. వేసిన ప్రతి మార్కుకూ ఎందుకు వేశారో నిలబడి చెప్పాలి. అది కూడా మాట్లాడటమే కదా.

ఆ జట్లలో ఒక పాప ఉంది. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేదే కానీ నోరు తెరిచేది కాదు. ఆ రోజు మిగతా ఇద్దరూ మాట్లాడేశారు. ఇంకో నిమిషం మిగిలి ఉంది. ఆ ఇద్దరిలో పిల్లవాడు ఆమె వైపు తిరిగి, "మీ అవ్వ చేపలమ్ముద్ది గదా, నీకు తెలిసినట్టు మాకు తెలవదు. నువ్వు చెప్పు" అన్నాడు. రెండు మార్కుల కోసమే అడిగి ఉండొచ్చు. అయినా అడిగాడు. ఆ పాప చున్నీ అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. తెలుగు టీచర్ ఏదో అందించబోతుంటే నేను చేత్తో ఆపాను. మనసులో మూడు దాకా లెక్కపెట్టుకున్నాను. తర్వాత ఇంకో మూడు.

అప్పుడు చెప్పింది. "పొయ్యి మీద నించి దించినప్పుడు పులుపంతా పులుసులోనే ఉంటది. ముక్క చప్పగా ఉంటది. రాత్రంతా దాకలో ఉంటే ముక్కలోకి దిగుద్ది. అందుకే మా అవ్వ తెల్లారేదాకా మూత తియ్యనియ్యదు."

ఎదుటి జట్టు అమ్మాయి ముందు ఆ మాటను సరిగ్గా తిరిగి చెప్పి, తర్వాత అడిగింది: "మరి మామిడికాయ ముక్క మర్నాటికి మెత్తబడి పోద్ది గదా?" ఈ పాప కాసేపు ఆలోచించింది. "అవును. మామిడికాయ కోసమైతే ఆ రోజే తినాల. చేప కోసమైతే మర్నాడు" అంది.

ఇక్కడ పెద్ద తగువే వచ్చింది. అవతలివాళ్ల మాట ఒప్పుకుంది కాబట్టి ఆ జట్టు ఓడిపోయినట్టేనని మార్కులు వేసేవాళ్లలో ఇద్దరు పట్టుబట్టారు. ఆరో తరగతి కుర్రవాడొకడు లేచి, "ఆ అక్క నిజం ఉన్నంత వరకే ఒప్పుకుంది, మిగతాది ఒదల్లేదు" అన్నాడు. పదకొండేళ్ల పిల్లవాడు అన్న మాట అది. నేను ఇంటికి వెళ్లాక కూడా దాని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. టీవీ చర్చల్లో నలుగురు పెద్దవాళ్లు ఒకేసారి అరుస్తుంటే రోజూ చూస్తున్న పిల్లలు వీళ్లు.

ఎదుటివారి మాట తిరిగి చెప్పే పద్ధతిని పిల్లలు 'తిప్పిచెప్పుడు' అంటున్నారు. ఇది మేం కనిపెట్టింది కాదు. మన శాస్త్ర చర్చల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. ముందు ఎదుటివాడి వాదాన్ని పూర్వపక్షంగా నిలబెట్టాలి, ఆ తర్వాతే తన సిద్ధాంతం చెప్పాలి. అవతలివాడు ఏమన్నాడో సరిగ్గా చెప్పలేనివాడికి జవాబు చెప్పే హక్కు లేదని దాని అర్థం. పిల్లల మీద ఇది ఎంత పనిచేస్తుందంటే, తన వంతు ఎప్పుడొస్తుందా అని టెన్షన్‌తో కూర్చునే పిల్లలు ఇప్పుడు ఎదుటివాళ్ల మాట వింటున్నారు. వినకపోతే 3 మార్కులు పోతాయి మరి.

మీలో కొందరు అడుగుతున్నారు, పాత పద్ధతిలో వక్తృత్వ పోటీ పెట్టి ప్రైజులు ఇవ్వొచ్చు కదా అని. దీనికి నా సంగతే చెబుతాను. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నవంబర్ 14న బాలల దినోత్సవానికి మా నాన్న రెండు పేజీల ఉపన్యాసం రాసిచ్చారు. వారం రోజులు బట్టీ పట్టాను. 'వేదిక నలంకరించిన పెద్దలకు' అని మొదలుపెట్టి, నాలుగో వాక్యం దగ్గర మర్చిపోయాను. వెనక నుంచి ఎవరో నవ్వారు. మా మాస్టారు "ఇంక చాల్లే, కూర్చో" అన్నారు. ఆ తర్వాత బి.ఎడ్.లో పాఠం చెప్పి చూపించాల్సి వచ్చేదాకా నలుగురి ముందు నిలబడి నోరు తెరవలేదు. తప్పంతా నాదేనని చాలా ఏళ్లు అనుకున్నాను. ఆ మాటలు నావి కావు, అందుకే మధ్యలో తెగితే అతికించుకోవడం నాకు చేతకాలేదని టీచరయ్యాకే అర్థమైంది. మన బడిలో ఏ పిల్లకూ ఆ రోజు రాకూడదు. దయచేసి ఇంట్లో ఉపన్యాసాలు రాసి ఇవ్వకండి. యూట్యూబ్‌లో చూసి నేర్పించకండి.

చిన్న తరగతులకు ఆటలు వేరు. 'ఒక్క నిమిషం' చాలామందికి తెలిసిందే: చీటీ తీసి, అందులో ఉన్న వస్తువు గురించి ఆగకుండా, చెప్పిందే చెప్పకుండా నిమిషం మాట్లాడాలి. గొడుగు, లాంతరు, ఎడ్లబండి చక్రం, అలాంటివి రాస్తాం. ఎక్కడ ఆగితే అక్కడి నుంచి అదే జట్టులో ఇంకొకరు అందుకోవచ్చు కాబట్టి ఎవరికీ తల కొట్టేసినట్టు ఉండదు.

పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైన ఆట అష్టావధానం నుంచి తెచ్చుకున్నాం. అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు కదా, వాళ్లలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పనే అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేసి అవధాని దృష్టి మళ్లించడం. మా ఆటలో ఏడో తరగతి పిల్ల పెన్నా నది గురించి చెబుతుంటుంది, అవతలి జట్టువాడు "అక్కా, పిల్లికి మీసాలెందుకు?" అంటాడు. దానికో జవాబు చెప్పి, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మళ్లీ అందుకోవాలి. మొదట్లో అందరూ తడబడ్డారు. ఇప్పుడు నంది కొండల్లో పుట్టిన పెన్నను పిల్లి మీసాల మీదుగా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిపేసేదాకా వదలడం లేదు. ఏ వయసులోనైనా, ఇంటర్వ్యూలోనైనా బ్యాంకు కౌంటర్ దగ్గరైనా పనికొచ్చే నేర్పు ఇది.

అన్నీ బాగా జరిగాయని చెప్పను. మొదటి నెలలో మగపిల్లలే ముందుకొచ్చారు, ఆడపిల్లలు చీటీ తీయడానికి కూడా వెనకాడారు. మార్కులు పైకి చదివితే ఒక పిల్లవాడు ఏడ్చాడు. అప్పటి నుంచి మార్కులు జట్టుకే, మనిషికి లేవు. జట్లు కూడా ప్రతిసారీ మారుతున్నాయి. ఇంకా నోరు విప్పని పిల్లలు బడి మొత్తం మీద కొందరు ఉన్నారు. వాళ్లను బలవంతంగా లేపం. వాళ్లు జట్టుకు కావలసిన పాయింట్లు కాగితం మీద రాసిస్తున్నారు, మేం ఎదురుచూస్తున్నాం.

ఎదురుచూడటం అంటే గుర్తొచ్చింది. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో సైన్సు తరగతుల్లో మాటలను రికార్డు చేసి విన్నారు. టీచరు ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎక్కువమంది మాట్లాడారు, జవాబు రాకుండా పోవడం తగ్గింది. ఇది చదివాక మా క్లాసుల్లో గమనించుకుంటే మేమూ అంతే. ఇప్పుడు టీచర్లందరం లోపల మూడు లెక్కపెట్టుకుంటున్నాం. మీరు ఇంట్లో చేయగలిగిన పని కూడా ఇదే. చుట్టాలొచ్చి "ఏం చదువుతున్నావమ్మా?" అని పిల్లను అడిగితే, మన నోటి నుంచి "ఎనిమిదో తరగతండీ" అని వచ్చేస్తుంది. ఆ మూడు సెకన్లు ఆగండి. రాత్రి అన్నాలప్పుడు 'ఇయ్యాల బడిలో ఏం చెప్పారు' అని అడిగితే 'ఏం లేదు' అనే అంటారు. 'ఇయ్యాల ఎవురి మాట నీకు నచ్చలేదు, ఎందుకు' అని అడిగి చూడండి.

ఇక ఇంగ్లీష్ గురించి. ప్రతి మీటింగ్‌లో మీరు అడిగేది, "ఇవన్నీ ఇంగ్లీష్‌లో పెట్టొచ్చు కదా మేడమ్" అని. మీ ఆరాటం నాకు తెలుసు, పట్నంలో ఉద్యోగాలకు వెళ్లి మాట రాక నలిగిపోయిన మన ఊరి పిల్లలను నేనూ చూశాను. కానీ సొంత భాషలో కారణం చెప్పలేని పిల్ల ఇంగ్లీష్‌లో బట్టీ వాక్యాలే చెబుతుంది. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీష్, పక్క పేజీ తెలుగు ఎలా ఉన్నాయో, మేమూ అలాగే చేస్తున్నాం. తెలుగులో వాదించిన విషయాన్నే వారం తర్వాత ఇంగ్లీష్‌లో వాదిస్తారు. అప్పటికి ఏం చెప్పాలో తెలుసు కాబట్టి, ఎలా చెప్పాలో వెతుక్కుంటే చాలు. 'ఏంది', 'ఎట్టా' అంటే నవ్వకూడదనే నియమం కూడా పెట్టాం. రాతలో ప్రామాణిక భాష నేర్పుతాం, కానీ మాటలో మన యాసకు మార్కు తగ్గదు.

ఈ నెల మూడో శనివారం తొమ్మిది, పది తరగతుల పోటీ ఉంది. విషయం పిల్లలే ఓటు వేసి ఎంచుకున్నారు: వరి పొలాలను రొయ్యల గుంటలు చేయడం మన ఊరికి మేలా, కీడా? కొంచెం జంకాను, మీలో గుంటలున్నవాళ్లూ ఉన్నారు, పక్క గుంట ఉప్పుకు పైరు పోయినవాళ్లూ ఉన్నారు. అయినా సరేనన్నాను. ఎవరు ఏ పక్క మాట్లాడాలో చీటీ వేశాం. గుంటలున్న ఇంటి పిల్లవాడికి వరి పక్షం వచ్చింది, వరి రైతు కూతురికి రొయ్యల పక్షం. వారం రోజులుగా వాళ్లు రొయ్యల గుంటల మీద 1996లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు గురించి, తీరప్రాంతంలో రొయ్యల సాగును అదుపు చేసేందుకు 2005లో వచ్చిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం గురించి సోషల్ మాస్టారును వదలకుండా అడుగుతున్నారు. వనామీ రొయ్య రేటు, తెల్లమచ్చ రోగం వస్తే నష్టం, మేత ఖర్చు, ఎకరాకు వచ్చే వడ్లు, ఇవన్నీ మీ దగ్గరికొచ్చి అడుగుతారు. విసుక్కోకుండా లెక్కలు చెప్పండి. ఏ పక్క మాట్లాడాలో మాత్రం చెప్పకండి. మీ పిల్లవాడు మీ అభిప్రాయానికి ఎదురు మాట్లాడితే అది చీటీలో వచ్చిన పక్షమని గుర్తుంచుకోండి, ఇంటికెళ్లాక కోప్పడకండి.

మధ్యాహ్నం రెండున్నరకు మొదలవుతుంది. వీలున్నవాళ్లంతా రండి. మీ పిల్ల ఒక్కదానికే కాకుండా రెండు జట్లకూ చప్పట్లు కొట్టండి. ఈసారి మార్కులు వేయడానికి పిల్లలతో పాటు ఇద్దరు తల్లులు, ఒక తాత కావాలి. ఇష్టమున్నవాళ్లు శుక్రవారం లోపు క్లాస్ టీచర్‌కు పేరు ఇవ్వండి. వేసిన మార్కుకు కారణం నిలబడి చెప్పాలి, అది మీకూ వర్తిస్తుంది. కుర్చీలు వేపచెట్టు కింద వేయిస్తాం. ఎండ ఇంకా తగ్గలేదు, తాతలు తువ్వాలు తెచ్చుకోండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు