టులెట్ బోర్డు మీద నీళ్ల సంగతి కూడా రాయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

2024 జూన్‌లో మేం హైదరాబాద్‌లో ఇల్లు వెతుక్కున్నది మీ పత్రిక క్లాసిఫైడ్స్‌లో ‘అద్దెకు’ కాలమ్ చూసే. అందుకే ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

మాది ఖమ్మం, మామిళ్లగూడెం. నేను స్టాఫ్ నర్సును. మావారు అకౌంట్స్ చూస్తారు. ఆయనకు రాయదుర్గంలో, నాకు సికింద్రాబాద్‌లో ఉద్యోగాలు దొరికాయి. ఏడో తరగతికి వచ్చిన పాప, మోకాళ్ల నొప్పులతో ఉన్న మా అత్తయ్య, మేమిద్దరం, మొత్తం నలుగురం. ఖమ్మంలో నెలకు ఏడు వేల అద్దెకు వాకిలి, పెరడు ఉన్న ఇంట్లో ఉండేవాళ్లం. హైదరాబాద్‌లో ఆ డబ్బుకు ఏమీ రాదని తెలుసు. 16 వేల వరకు పెట్టగలమని లెక్క వేసుకుని బయల్దేరాం.

మా ఊరివాళ్లు చాలామంది కూకట్‌పల్లి వైపే ఉంటారు. నిజాంపేటలో నాలుగో అంతస్తులో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్, సరిగ్గా 16 వేలకు దొరికింది. కొత్త బిల్డింగ్, లిఫ్ట్ ఉంది, మంచి గాలి. మావారి ఆఫీసు మ్యాప్‌లో 13 కిలోమీటర్లు చూపించింది. మేం చూడటానికి వెళ్లింది ఆదివారం పొద్దున. ఇంటి నుంచి రాయదుర్గం దాకా బండి మీద వెళ్లి చూశాం, అరగంట పట్టింది. వాచ్‌మన్‌ను నీళ్ల గురించి అడిగాను. ‘బోరుందమ్మా, ఏం ఇబ్బంది లేదు’ అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు, బోరు నిజంగానే ఉంది. బోరులో నీళ్లు ఏ నెల దాకా ఉంటాయో నేనే అడగలేదు.

సోమవారం నుంచి ఆ అరగంట ప్రయాణం గంటా ఇరవై నిమిషాలు అయింది. జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీ వెళ్లే రోడ్డు మీద పొద్దున తొమ్మిదింటికి బండి నడిపినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. నేను షేర్ ఆటోలో జేఎన్‌టీయూ మెట్రో దాకా వచ్చి, అమీర్‌పేటలో దిగి, రైలు మారి సికింద్రాబాద్ వెళ్లేదాన్ని. మధ్యాహ్నం డ్యూటీ ఎనిమిదింటికి అయిపోయినా ఇల్లు చేరేసరికి పది అయ్యేది. అప్పటికి పాప పడుకునేది. నాలుగో అంతస్తులో అత్తయ్య పగలంతా ఒక్కతే. ఖమ్మంలో అరుగు మీద కూర్చుంటే దారిన పోయేవాళ్లు పది మంది పలకరించే మనిషి ఆవిడ.

వానాకాలం, చలికాలం ఎలాగో గడిచాయి. 2025 మార్చి చివర్లో బోరు ఎండిపోయింది. అక్కణ్నుంచి అన్నీ ట్యాంకర్లే. పొద్దున ఆరు నుంచి ఏడు వరకు, సాయంత్రం ఓ గంట నీళ్లు వదిలేవారు. నైట్ డ్యూటీ చేసి ఇంటికి వచ్చేసరికి తొమ్మిది అయ్యేది, కుళాయిలో చుక్క ఉండేది కాదు. హాస్పిటల్ నుంచి వచ్చిన మనిషి స్నానం చేయకుండా పిల్లను ఎలా ముట్టుకుంటుంది? అత్తయ్య నా కోసం రెండు బకెట్లు పట్టి దాచేవారు. ఆ మోకాళ్లతో వంగి ఆవిడ బకెట్లు జరుపుతుంటే చూసిన రోజున నాకు ఏడుపు ఆగలేదు. మా ఫ్లాట్లను ఆనుకుని ఉన్న సందులో జలమండలి (నగరానికి నీళ్లిచ్చే సంస్థ) పైపు ఉంది. ఆ సందులో వాళ్లకు మా బాధ లేదు. ఏరియా మొత్తం అలాగే ఉంటుందని నేను అనను. అందుకే ఇల్లు చూసేటప్పుడు ఏరియా పేరు కాదు, ఆ బిల్డింగ్ సంగతి తెలియాలి.

ఏప్రిల్ నెల ఖర్చు కాగితం మీద రాశాను. అద్దె 16,000. మెయింటెనెన్స్ 2,500. ట్యాంకర్లకు మా వాటా 2,800. పాప స్కూల్ బస్సు 2,200. మావారి పెట్రోలు 4,500. నా ఆటో ఖర్చే వెయ్యి. 29 వేలు! నా మెట్రో టికెట్లు ఇందులో కలపలేదు. మేం 16 వేలకు ఒప్పుకున్న ఇల్లు ఇది.

అప్పుడు రాయదుర్గం చుట్టూ వెతకడం మానేసి, మెట్రో బ్లూ లైన్ పట్టుకుని రెండో చివర నుంచి చూసుకుంటూ వచ్చాం. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా ఒకటే రైలు, ఎక్కడా మారే పని లేదు. హబ్సిగూడలో పాత ఇంట్లో గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్ 20,500కు దొరికింది. ‘ఆఫీసు రాయదుర్గంలో, ఇల్లు హబ్సిగూడలోనా?’ అని చుట్టాలందరూ అన్నారు. దూరం ఎక్కువే, దాదాపు రెట్టింపు. కానీ మావారు రైల్లో ముప్పావు గంటలో దిగుతున్నారు, రోజూ ఒకే టైముకి. 2025 మేలో మెట్రో చార్జీలు పెరిగాక కూడా ఆయనకు నెలకు మూడు వేల పైచిలుకే అవుతోంది. నాకు సికింద్రాబాద్‌కు సిటీ బస్సు, ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం కింద జీరో టికెట్. పాప నడిచి స్కూలుకు వెళ్తోంది. స్కూలు మార్చడం వల్ల మొదటి స్కూల్లో కట్టిన అడ్మిషన్ ఫీజు పోయింది, అది వేరే బాధ. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, సంపు నిండుతుంది. ఓనర్ మీటరు పెట్టించి ఆధార్ లింక్ చేసుకున్నారు కాబట్టి 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం కూడా వర్తిస్తోంది. మొత్తం కలిపినా నెలకు 24 వేలు దాటడం లేదు. అత్తయ్య సాయంత్రం గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటారు. కూరగాయల బండి అతనితో బేరాలాడి ఇంటికి ఏం కావాలో ఆవిడే కొంటున్నారు.

ఈసారి ఇల్లు చూడటానికి వెళ్లింది మే నెలలో, పని రోజున, పొద్దున ఎనిమిదిన్నరకు. ఓనర్ కంటే ముందు వీధి చివర ఇస్త్రీ బండి అతన్ని అడిగాను, ‘ఈ వీధికి ట్యాంకర్లు వస్తాయా?’ అని. నల్లా కనెక్షన్ క్యాన్ నంబర్ (జలమండలి ఇచ్చే ఖాతా నంబర్) అడిగి, నీళ్ల బిల్లు చూశాకే అడ్వాన్స్ ఇచ్చాం.

ఇవన్నీ ఏడాది నష్టపోయాక నేర్చుకున్నవి. మొదటిసారి ఊరు వదిలి వచ్చే కుటుంబానికి ఇవెవరు చెబుతారు? అందరూ 11 నెలల అగ్రిమెంటే రాస్తారు. మా అగ్రిమెంట్‌లో గోడకు మేకులు కొట్టకూడదని ఉంది, పెయింటింగ్‌కు ఒక నెల అద్దె పట్టుకుంటామని ఉంది. నీళ్ల గురించి ఒక్క ముక్క లేదు. కరెంటు మీటరు నంబర్ రాసినట్టే నల్లా క్యాన్ నంబర్ కూడా రాయాలని, నల్లా లేకపోతే లేదని, వేసవిలో ట్యాంకర్ల ఖర్చు ఎవరిదో స్పష్టంగా పెట్టాలని ప్రభుత్వం నిబంధన తేవాలి. దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ఈలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. మీ ‘అద్దెకు’ కాలమ్‌లో రెండు బెడ్‌రూమ్‌లు, ఈస్ట్ ఫేసింగ్, లిఫ్ట్, కార్ పార్కింగ్ అని వేస్తున్నారు. దాని పక్కన ‘నల్లా ఉంది’ లేదా ‘బోరు మాత్రమే’ అని రెండు మాటలు రాయమని ప్రకటన ఇచ్చేవాళ్లను అడగండి. వచ్చే వేసవికి మా చెల్లెలి కుటుంబం కొత్తగూడెం నుంచి ఇక్కడికి మారుతోంది. వాళ్ల కోసం మొన్న మీ కాలమ్‌లోని ఆరు నంబర్లకు ఫోన్ చేసి క్యాన్ నంబర్ అడిగాను. ఒక్కరు చెప్పారు. ఇద్దరు ‘అదంతా మీకెందుకమ్మా’ అని ఫోన్ పెట్టేశారు.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు
హబ్సిగూడ, హైదరాబాద్