జేబులో వచ్చిన చిల్లపెంకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం బడి యాత్రకు వెళ్ళిన వాల్‌నట్ కాన్యన్ నుంచి, అంటే మన అరిజోనాలోనే పాతకాలపు కొండగోడ ఇళ్ళున్న లోయ నుంచి, పిల్లలందరినీ క్షేమంగా తెచ్చి మీకు అప్పగించాం. చెప్పిన సమయం కన్నా ముక్కాల్గంట ఆలస్యమైంది. పార్కింగ్ దగ్గర ఎదురుచూస్తూ కంగారుపడిన వాళ్ళు మన్నించాలి. పులిహోర, పెరుగన్నం కట్టిచ్చిన అమ్మలకు, పెద్ద పిల్లలతో మెట్లు దిగి ఎక్కిన నాన్నలకు బడి తరఫున కృతజ్ఞతలు. మూడు స్టీలు గిన్నెలు, ఒక నీలం రంగు ఫ్లాస్కు నా దగ్గరే ఉన్నాయి.

ఈసారి ఉత్తరం కాస్త పొడుగ్గా ఉంటుంది. పిల్లలు అక్కడ చూసినవి మీకు సగమే చెప్పి ఉంటారు, మిగతా సగం నేను రాస్తే ఇంట్లో మాట్లాడుకోవడానికి వీలవుతుంది. ఇంకో కారణం, ఆదివారం పొద్దున్నే ఒక తల్లి నుంచి వచ్చిన ఫోన్. బట్టలు ఉతకడానికి వేస్తూ బాబు జాకెట్ జేబులు చూస్తే అందులో కుండ పెంకు ఉందట. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మన ఫీనిక్స్ నుంచి ఐ-17 హైవే మీద ఉత్తరంగా వెళ్తుంటే రెండు గంటల్లో లోకం మారిపోతుంది. సాగ్వారో కాక్టస్‌లు వెనకబడి పాండరోసా పైన్ చెట్లు మొదలవుతాయి. మనం ఉండేది సుమారు 1,100 అడుగుల ఎత్తులో, ఆ లోయ అంచు ఉన్నది దాదాపు 6,700 అడుగుల ఎత్తులో. అందుకే ఆ ఇళ్ళ దాకా దిగే ఐలాండ్ ట్రెయిల్ అనే కాలిబాట పొడవు ఒక్క మైలే అయినా తేలిక కాదు. 185 అడుగులు కిందికి మెట్లు దిగాలి, తర్వాత అవన్నీ ఎక్కాలి. దిగేటప్పుడు పాటలు పాడిన పిల్లలు ఎక్కేటప్పుడు ఒక్క మాట మాట్లాడలేదు. చిన్న తరగతుల వాళ్ళను అంచు మీది రిమ్ ట్రెయిల్‌లోనే ఉంచాం. ఆ నిర్ణయం మీద ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారని తెలుసు. వచ్చే ఏడాది కూడా అలాగే చేస్తాం.

లోయ గోడలు చూస్తే అట్టు మీద అట్టు పేర్చినట్టు ఉంటాయి. పైభాగం కైబాబ్ సున్నపురాయి, ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నది. దాంట్లో గట్టి పొరల మధ్య మెత్తటి పొరలున్నాయి. మెత్తటివి అరిగిపోగా గట్టివి చూరులా ముందుకు నిలిచాయి. ఆ చూరు కిందే ఇళ్ళు. కప్పు, నేల, వెనక గోడ కొండే ఇచ్చింది. మనుషులు కట్టుకున్నది ముందు గోడ, పక్క గోడలు మాత్రమే. సున్నపురాయి ముక్కలు పేర్చి బంకమట్టితో అతికారు. ఐలాండ్ ట్రెయిల్ పక్కన ఇలాంటి గదులు 25 ఉన్నాయి. వీటిలో మనుషులు ఉన్నది సుమారు 1125 నుంచి 1250 వరకు. ఓరుగల్లులో కాకతీయులు ఏలుతున్న రోజులని చెబితే ఏడో తరగతి పిల్లలు వెంటనే వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టారు.

ఒక గది దగ్గర చాలాసేపు ఆగాం. గుమ్మం ఎంత చిన్నదంటే మన తొమ్మిదేళ్ళ పిల్ల కూడా వంగాల్సిందే. గుమ్మం పైన గోడలో ఒక చిన్న కన్నం ఉంది. అదెందుకని అడిగాను. కిటికీ అన్నారు, పిట్టల కోసం అన్నారు, దొంగలను చూడ్డానికన్నారు. అప్పుడు లోపలి కప్పు వైపు చూడమన్నాను. రాయి నల్లగా ఉంది, పొయ్యి మసి. చల్లగాలి గుమ్మంలోంచి కింద లోపలికి పోతుంది, వేడెక్కిన పొగ కప్పును రాసుకుంటూ పై కన్నంలోంచి బయటికొస్తుంది. ఈ మాట చెప్పగానే ఒక పాప, "మా అమ్మమ్మ వాళ్ళ పాత వంటిల్లు కూడా పైన ఇలాగే నల్లగా ఉంటుంది టీచర్" అంది. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి మసి అది. చేయి పెట్టి తుడిస్తే పోతుంది. అందుకే ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, గోడలకు ఆనుకోనివ్వలేదు. నేను గట్టిగా కేకలేశానని ఎవరైనా ఇంట్లో చెప్పి ఉంటే అది నిజమే.

ఆ ఇళ్ళు కట్టిన వాళ్ళను సినాగువా అంటారు. స్పానిష్‌లో "నీళ్ళు లేకుండా" అని అర్థం. లోయకు దగ్గర్లోని ఫ్లాగ్‌స్టాఫ్ ఊరి చుట్టుపక్కల కొండలను స్పానిష్ వాళ్ళు పిలిచిన పేరును తీసుకుని హెరాల్డ్ కోల్టన్ అనే పరిశోధకుడు 1939లో ఈ మనుషులకు పెట్టాడు. వాళ్ళు తమను ఏమని పిలుచుకున్నారో ఆ పేరు కాదది. కానీ నీళ్ళ కష్టం మాత్రం నిజం. లోయ అడుగున వాగు ఏడాది పొడుగునా పారేది కాదు. కుండలతో మోసుకొచ్చి దాచుకునేవారు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించింది లోయలో కాదు, పైన అంచు మీద, వాన మీదే ఆధారపడి.

మనవరాలి కోసం అనంతపురం జిల్లా నుంచి వచ్చిన ఒక తాతగారు మాతో వచ్చారు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆయన చిన్నపిల్లలతో పైనే ఉన్నారు. వాన నీరు, మన్ను కొట్టుకుపోకుండా సినాగువా రైతులు పొలాలకు అడ్డంగా రాళ్ళు పేర్చి కట్టలు వేసుకునేవారని మనవరాలు చదివి చెప్పగానే, "మా చేన్లో మేమూ ఇట్లే రాతికట్టలు పోస్తాం గదా పాపా" అన్నారు. ఆ తర్వాత అరగంటసేపు పాఠం ఆయనే చెప్పారు. నాగజెముడు చూపించి, దాని పండు ముళ్ళు గీకేసి ఎలా తింటారో, తింటే నాలుక ఎలా ఎర్రబడుతుందో చెప్పారు. ఆ మొక్క మన సీమకు వెళ్ళింది ఈ ఖండం నుంచేనని నేను చెబితే ఆయన చాలాసేపు దానివైపే చూస్తూ నిలబడ్డారు. పిల్లలకు తరగతి గదిలో నేను ఇవ్వలేనిది ఆయన ఇచ్చారు. ఇంటికి పెద్దవాళ్ళు వచ్చిన తల్లిదండ్రులు నాకు తప్పకుండా చెప్పండి. బడికి పిలుచుకుందాం.

పిల్లలందరూ అడిగిన ప్రశ్న ఒకటే. "వాళ్ళందరూ ఏమైపోయారు?" మాయమైపోయారని కొన్ని పుస్తకాల్లో ఉంటుంది. అలా చెప్పకండని మిమ్మల్ని కోరుతున్నాను. కరవు వచ్చి ఉండొచ్చు, నేల సారం తగ్గి ఉండొచ్చు, ఇంకేవైనా కారణాలు ఉండొచ్చు. 1250 నాటికి ఆ ఇళ్ళు వదిలి వెళ్ళారు. వెళ్ళిన వాళ్ళ సంతతి ఈరోజుకీ ఉంది. ఈశాన్యాన మెట్టల మీద ఊళ్ళు కట్టుకుని ఉంటున్న హోపీ జనం ఈ లోయ వాళ్ళను తమ పూర్వీకులుగా చెప్పుకుంటారు. హిసత్సినోమ్ అంటారు, అంటే పూర్వకాలపు మనుషులు. హోపీ కుటుంబాలకు అది తాతల ఇల్లు, పాడుబడిన వింత కాదు. అమ్మానాన్నలు ఊరు విడిచి వచ్చిన పిల్లలకు ఈ సంగతి నేను ఎక్కువ వివరించాల్సిన పని పడలేదు.

ఇప్పుడు పెంకు సంగతి. రెండు వేళ్ళంత ముక్క, గోధుమ రంగు, మీద బొమ్మలేవీ లేవు. బాబు దాన్ని రిమ్ ట్రెయిల్ పక్కన మట్టిలో చూశాడట. అందంగా ఉందని తీసుకున్నాడు, దాచాలని కాదు. సినాగువా వాళ్ళు చక్రం లేకుండా కుండలు చేసేవారు. లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి గోడను పలచన చేసేవారు. మన కుమ్మరులు తట్టే పద్ధతి కూడా అదే. ఆ పెంకు లోపలివైపు గుంటగా తగిలే చోట ఎవరిదో చేయి రాయిని పట్టుకుని ఉండేదని బాబుకు చూపించాను. వాడు ఏడ్చాడు. తిట్టానని కాదు.

1880లలో రైలు ఫ్లాగ్‌స్టాఫ్ దాకా వచ్చాక జనం ఈ లోయకు సరదాగా వచ్చి కుండలు, చాపలు, దొరికిందల్లా పట్టుకుపోయారు. లోపలికి వెలుగు రావాలని కొందరు గోడలను డైనమైట్‌తో పేల్చారు. ఈ దోపిడీ చూసి బాధపడిన వాళ్ళ ప్రయత్నం వల్లే 1915లో ఇది జాతీయ స్మారకమైంది. ఇప్పుడు పెంకు తీసుకోవడం చట్టరీత్యా నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, పెంకు పడి ఉన్న చోటే దాని కథలో సగం. కదిలిస్తే ఆ సగం పోతుంది, తిరిగిచ్చినా రాదు. బయల్దేరే ముందు పిల్లలకు "గోడలు ముట్టుకోకండి" అని పదిసార్లు చెప్పాను, "కింద ఉన్నది ఎత్తకండి" అని ఒక్కసారైనా చెప్పలేదు. తప్పు నాది. బాబును ఎవరూ ఏమీ అనవద్దు, తోటి పిల్లలతో సహా.

పార్కు వాళ్ళకు పెంకు వెనక్కి పంపుతున్నాం. ఎక్కడ దొరికిందో గుర్తున్నంత వరకు బాబు ఒక కాగితం మీద గీశాడు: దారి, బెంచీ, వంగిన జూనిపర్ చెట్టు, దాని కింద చుక్క. కింద తెలుగులో నాలుగు లైన్లు రాశాడు. "మీ ఇంట్లోది తెచ్చాను, మళ్ళీ ఇచ్చేస్తున్నాను" అని ఉంది అందులో. ఇంగ్లీషులోకి మారుస్తానంటే వద్దన్నాడు, కింద ఇంగ్లీషులో కూడా వాడే రాసుకున్నాడు.

బుధవారం పోస్టు చేస్తాం. దయచేసి ఈ రెండు రోజుల్లో మీ పిల్లల జాకెట్లు, బ్యాగుల అడుగు, కారు సీట్ల సందులు ఒకసారి చూడండి. పెంకు గానీ, చెక్కిన రాయి ముక్క గానీ, ఎండిన మొక్కజొన్న కంకి ముక్క గానీ దొరికితే కడగకుండా కాగితంలో చుట్టి మంగళవారం సాయంత్రంలోగా నాకు అందించండి. ఎవరు తెచ్చారని అడగను. ఎక్కడ దొరికిందో మాత్రం పిల్లల చేత గీయించండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు